కిటికీ వెనక పెద్దాయన, బడిలో పంతుళ్లు

1998లో అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రం, పోర్ట్‌లండ్ నగరంలో మైక్ రిచ్ అనే ఆయన రేడియోలో వార్తలు చదువుతుండేవాడు. తీరిక వేళల్లో రాసుకున్న ఒక స్క్రిప్టును నికొల్ ఫెలోషిప్ పోటీకి పంపాడు. ఆస్కార్ అవార్డులిచ్చే అకాడమీయే కొత్త రచయితల కోసం నడిపే పోటీ అది. ఏటా వేల స్క్రిప్టులు వచ్చిపడతాయి, నెగ్గేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. రిచ్ స్క్రిప్టు నెగ్గింది. రెండేళ్లు తిరిగేసరికి గస్ వాన్ శాంట్ దర్శకత్వంలో, షాన్ కానరీ ప్రధాన పాత్రలో సినిమా అయింది. 2000 డిసెంబరులో విడుదలైన ఆ సినిమా పేరు ‘ఫైండింగ్ ఫారెస్టర్’.

న్యూయార్క్‌లో బ్రాంక్స్ అనే ప్రాంతం. అక్కడ ఒక పాత భవనం పై అంతస్తులో గడప దాటని ముసలాయన ఉంటాడు. కింద బాస్కెట్‌బాల్ ఆడుకునే నల్లజాతి కుర్రాళ్లకు ఆయన కనబడేది కిటికీ అద్దం వెనక, చేతిలో బైనాక్యులర్స్‌తో. స్నేహితులు రెచ్చగొడితే జమాల్ వాలెస్ అనే కుర్రాడు ఓ రాత్రి ఆ ఇంట్లో దూరతాడు. పెద్దాయన అలికిడికి బెదిరి, సంచి వదిలేసి పరుగందుకుంటాడు. ఆ సంచి తిరిగి చేతికొచ్చేసరికి అందులోని నోటుపుస్తకాల నిండా దిద్దుబాట్లు. ముసలాయన మరెవరో కాదు, ఒకే ఒక్క నవల రాసి, పులిట్జర్ బహుమతి అందుకుని, ఆ తర్వాత లోకానికి మొహం చాటేసిన విలియం ఫారెస్టర్. అక్కణ్ణుంచి ఇద్దరికీ శిష్యరికం కుదురుతుంది. ఒకటే షరతు: ఆ ఇంట్లో రాసినది ఆ ఇల్లు దాటకూడదు.

జమాల్‌గా వేసిన రాబ్ బ్రౌన్‌కు అంతకుముందు నటనతో పరిచయమే లేదు. సెల్‌ఫోన్ బిల్లు బాకీ పడి, ఎక్స్‌ట్రా వేషం దొరికినా నాలుగు డాలర్లు వస్తాయని ఆడిషన్‌కి వెళ్లిన పిల్లాడు, కానరీ ఎదుట నిలబడే వేషం కొట్టుకొచ్చాడు. కానరీ సంగతి కూడా ఇక్కడ చెప్పుకోదగ్గదే. ఎడిన్‌బరోలోని ఫౌంటెన్‌బ్రిడ్జ్‌లో పుట్టి, చిన్నతనంలోనే బడి మానేసి, ఇంటింటికీ పాలు పోసిన మనిషి ఆయన. 1950ల మొదట్లో ఒక నాటక బృందంతో ఊళ్లు తిరుగుతున్నప్పుడు రాబర్ట్ హెండర్సన్ అనే అమెరికన్ నటుడు ఆయనకు ఇబ్సన్ నాటకాలు చేతికిచ్చాడు. అవి చదివాక టాల్‌స్టాయ్, ప్రూస్ట్, జాయిస్ అంటూ జాబితా రాసిచ్చాడు. నటుడు కావాలంటే ముందు చదువరివి కావాలన్నది హెండర్సన్ పాఠం. ఫారెస్టర్ వేషం కానరీకి అంత నప్పడం వెనక ఈ పాత బాకీ కూడా ఉందేమో.

సినిమాలో అన్నిటికంటే నమ్మదగ్గ సన్నివేశం టైప్‌రైటర్లది. బల్లకు అటొకటి, ఇటొకటి. పెద్దాయన కూర్చోగానే టకటకా మొదలుపెడతాడు. కుర్రాడు తెల్లకాగితం వంక చూస్తూ ఉండిపోతాడు. ఆలోచిస్తున్నానంటే, ఆలోచన తర్వాత, ముందు కొట్టమంటాడు పెద్దాయన. అయినా వేళ్లు కదలకపోతే లేచి వెళ్లి, తాను ఎప్పుడో రాసిన వ్యాసం ఒకటి తెచ్చి ముందు పెడతాడు. దీన్ని ఉన్నదున్నట్టు కొట్టుకుంటూ పో, మధ్యలో ఎక్కడ నీ మాటలు తగిలితే అక్కణ్ణుంచి నీ దారి పట్టుకో అంటాడు. మొదట ఒక్కొక్క మీట, తర్వాత రెండు, కాసేపటికి గది నిండా చప్పుడు. పొయ్యి అంటుకోకపోతే పక్కింటి నుంచి నిప్పు తెచ్చుకోవడం లాంటిది ఈ పద్ధతి. సినిమా కథకు ముడి కూడా ఇక్కడే పడుతుంది. అలా మొదలైన వ్యాసాన్ని జమాల్ షరతు తప్పి బడిలో పోటీకి పెడతాడు. శీర్షికా, మొదటి పేరా ఫారెస్టర్‌వని తేలి, దొంగరాత అన్న నింద నెత్తిన పడుతుంది.

నకలు రాస్తూ సొంత రాత నేర్చుకోవడం సినిమావాళ్ల కల్పన కాదు. బోస్టన్‌లో అన్న జేమ్స్ అచ్చాఫీసులో పని నేర్చుకుంటున్న రోజుల్లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ చేసింది దాదాపు ఇలాంటిదే. లండన్ పత్రిక ‘స్పెక్టేటర్’ సంపుటం ఒకటి దొరికితే, అందులో నచ్చిన వ్యాసంలోని ఒక్కో వాక్యానికీ చిన్న గుర్తు రాసుకుని పుస్తకం పక్కన పెట్టేసేవాడు. కొన్నాళ్లాగి ఆ గుర్తులతోనే వ్యాసం మొత్తం మళ్లీ రాసి, అసలుతో పోల్చి తప్పులు దిద్దుకునేవాడు. ఆ పాటు ఊరికే పోలేదు. 1722లో పదహారేళ్ల ఫ్రాంక్లిన్, ‘సైలెన్స్ డూగుడ్’ అనే విధవరాలి పేరు పెట్టుకుని ఉత్తరాలు రాసి, రాత్రిపూట అచ్చాఫీసు తలుపు కింద నుంచి లోపలికి తోసేవాడు. ఎవరో పెద్దమనిషే రాస్తున్నాడనుకుని అన్న తన పత్రికలో 14 ఉత్తరాలు వేశాడు. రాసింది ఇంట్లోవాడేనని తెలిశాక అన్న సంతోషించలేదు. వాళ్లిద్దరికీ చెడటానికి ఉన్న కారణాల్లో అదీ ఒకటి.

ఇంతవరకు సినిమాతో పేచీ లేదు. పేచీ అంతా అది చూపించిన బ్రాంక్స్‌తోనే.

జమాల్ చదివే ప్రభుత్వ బడి సినిమాలో ఎందుకూ కొరగానిది. తోటివాళ్లలో వేరుగా కనబడకూడదని కుర్రాడు కావాలనే సగటు మార్కులు తెచ్చుకుంటాడు. తెలివి బయటపడగానే మాన్‌హటన్‌లోని డబ్బున్నవాళ్ల ప్రైవేటు బడి పిలిచి సీటిస్తుంది, కొంత మార్కుల కోసం, కొంత బాస్కెట్‌బాల్ కోసం. సినిమా లెక్క ప్రకారం బ్రాంక్స్‌లో అక్షరం ఉన్నది ఒక్క కిటికీ వెనకే, అదీ స్కాట్లండ్ నుంచి వచ్చిన తెల్లాయన గదిలో. ఈ ఊహకు మూలం 1970ల నాటి టీవీ వార్తలు. ఆ దశాబ్దంలో దక్షిణ బ్రాంక్స్ రాత్రుళ్లు తగలబడేది. ఇన్సూరెన్సు డబ్బుకు ఆశపడి నిప్పు పెట్టించిన యజమానులు కొందరు. ఖజానా ఖాళీ అయి నగరపాలకులు మూసేసిన అగ్నిమాపక కేంద్రాలు కొన్ని. అంతకుముందే రాబర్ట్ మోజెస్ వేయించిన క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే పేటల్ని నిలువునా చీల్చి వేల కుటుంబాలను లేవగొట్టింది. 1977 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ షార్లెట్ వీధిలో ఇటుకల గుట్టల మధ్య నడిచిన ఫొటో లోకమంతా చూసింది. బ్రాంక్స్ అంటే అదే అయిపోయింది.

అదే బ్రాంక్స్‌లో, 1973 ఆగస్టులో, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు భవనంలో ఒక ఆడపిల్ల బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవడానికి టికెట్టు పెట్టి పార్టీ నడిపింది. రికార్డులు తిప్పింది ఆమె అన్న, పద్దెనిమిదేళ్ల డీజే కూల్ హెర్క్. హిప్‌హాప్ పుట్టినరోజుగా ఇవాళ చెప్పుకునేది ఆ రాత్రినే. ఇంకా వెనక్కి వెళితే 1846 నుంచి చివరిదాకా ఎడ్గార్ అలన్ పో కాపురం ఉన్న చిన్న ఇల్లు ఫోర్డమ్‌లో ఉంది. అన్నిటికీ మించి, ఉత్తర బ్రాంక్స్‌లో మొషోలు పార్క్‌వే దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూలు ఉంది. నల్లజాతి కుర్రాడు రచయిత కావడమనే కథ నిజంగా జరిగింది అక్కడే. దాని దగ్గరకు వచ్చే ముందు, కిటికీ వెనక మనిషిని ఒకసారి చూసి పోదాం.

ఫారెస్టర్‌ను చూసిన ప్రతివాడికీ జె.డి. శాలింజర్ గుర్తొచ్చాడు. 1951లో ‘ది క్యాచర్ ఇన్ ది రై’ వచ్చింది. 1953లో ఆయన న్యూయార్క్ వదిలి న్యూహాంప్‌షర్ కొండల్లోని కార్నిష్ చేరాడు. 1965 తర్వాత అచ్చుకు ఒక్క కథ ఇవ్వలేదు. 2010లో, 91వ ఏట పోయాడు. ఆయన మొదట్లో అంత ముడుచుకున్న మనిషేమీ కాదు. కార్నిష్‌కు వచ్చిన కొత్తలో నది అవతలి విండ్సర్ హైస్కూలు పిల్లలే ఆయన స్నేహితులు. వాళ్లను ఆటలకు కారులో తీసుకెళ్లేవాడు, ఇంటికి పిలిచి రికార్డులు పెట్టేవాడు. ఆ ఏడు చివర్లో వాళ్లలో ఒకమ్మాయి, స్థానిక దినపత్రికలో హైస్కూలు పేజీ కోసమని నాలుగు ప్రశ్నలడిగితే జవాబులిచ్చాడు. పత్రికవాళ్లు దాన్ని పిల్లల పేజీలో కాకుండా సంపాదకీయం పేజీలో వేసుకున్నారు. అంతటితో శాలింజర్ ఆ పిల్లలందరితోనూ మాట్లాడటం మానేశాడు, ఇంటి చుట్టూ కంచె కట్టించుకున్నాడు. గదిలో మాట గది దాటితే ఏమవుతుందో సినిమా చెప్పిన కథ ఒకటి, జరిగింది ఇంకొకటి. ఫారెస్టర్ కుర్రాణ్ణి కాపాడటానికి బడిదాకా నడిచొచ్చి, అందరి ముందూ అతని రాత చదివి వినిపిస్తాడు. కార్నిష్ తలుపు మళ్లీ తెరుచుకోలేదు.

ఆ శాలింజర్‌కూ ఒక గురువున్నాడు. 1939లో కొలంబియా విశ్వవిద్యాలయంలో విట్ బర్నెట్ చెప్పే సాయంత్రం తరగతిలో చేరి, మొదటి విడతంతా వెనక బెంచీలో నోరు మెదపకుండా కూర్చున్నాడు. ‘స్టోరీ’ పత్రిక సంపాదకుడైన బర్నెట్ ఒకరోజు ఫాక్‌నర్ కథ ఒకటి, ఎక్కడా నాటకీయత లేకుండా, రచయితకూ వినేవాళ్లకూ మధ్య తాను అడ్డురాకుండా చదివాడట. ఆ చదవడం తనకెంత నేర్పిందో శాలింజర్ చాలా ఏళ్ల తర్వాత రాశాడు. 1940లో అతని మొదటి కథ అచ్చు వేసి 25 డాలర్లు ఇచ్చింది బర్నెట్టే. తర్వాత కథల సంపుటం ఒకటి మాట ఇచ్చి వేయలేకపోయాడు. శిష్యుడు దాన్ని ఎంతోకాలం మనసులో పెట్టుకున్నాడు.

పూర్తిగా సినిమా తరహా శిష్యరికం కూడా చరిత్రలో లేకపోలేదు. 1934లో ఆర్నాల్డ్ శామ్యూల్సన్ అనే ఇరవై రెండేళ్ల మిన్నెసోటా కుర్రాడు రైలు పెట్టెల మీద ఎక్కీ దిగీ ఫ్లోరిడా కొసన ఉన్న కీ వెస్ట్ చేరి, హెమింగ్వే తలుపు తట్టాడు. రాయడం నేర్పమన్నాడు. హెమింగ్వే చదవాల్సిన పుస్తకాల పట్టీ రాసిచ్చి, రోజుకో డాలరు జీతం మీద తన పడవ ‘పిలార్’కు కాపలాగా పెట్టుకున్నాడు. ఏడాదిపాటు కుర్రాడు చేపలు పట్టాడు, పెద్దాయన మాటలు రాసుకున్నాడు. నవలాకారుడు మాత్రం కాలేదు. ఆ అనుభవాలు రాసిపెట్టుకున్న కాగితాలు 1981లో అతను పోయాక కూతురి చేతికి చిక్కి, 1984లో పుస్తకంగా వచ్చాయి. ఒకే గురువు, ఒకే గది, ఇరవై నాలుగ్గంటల సాంగత్యం. ఫలితం గురువు గురించి ఒక పుస్తకం.

ఇప్పుడు న్యూయార్క్‌కు రావచ్చు.

జేమ్స్ బాల్డ్విన్ 1924లో హార్లెంలో పుట్టాడు. తొమ్మిది మంది పిల్లల్లో పెద్దవాడు. సవతి తండ్రి సీసాలు నింపే ఫ్యాక్టరీలో కూలి, ఆదివారాలు చర్చిలో బోధకుడు. ఇంట్లో బైబిల్ తప్ప మిగతాదంతా పాపమే. చంకలో ఒక చంటిబిడ్డ, ఎదురుగా తెరిచిన పుస్తకం, ఇదీ పిల్లాడి చదువు. ఇతన్ని బయటకు లాగింది ఏ ఒక్కరో కాదు. వరసగా అరడజను మంది, వాళ్లలో చాలామంది నెల జీతం మీద బతికే బడిపంతుళ్లు.

మొదట ఒరిల్లా మిల్లర్. 24వ నంబరు ప్రభుత్వ పాఠశాలలో పనిచేసిన తెల్ల యువతి. ఈ బక్కపలచని పిల్లాణ్ణి సినిమాలకు, నాటకాలకు తిప్పింది. హార్లెంలోని లఫాయెట్ థియేటర్‌లో 1936లో ఆర్సన్ వెల్స్ నల్లజాతి నటులతో వేయించిన ‘మాక్‌బెత్’ చూపించింది. తండ్రికి ఇదేమీ నచ్చలేదు. కానీ వచ్చింది టీచరమ్మ, కాదనడం ఎలా? పద్నాలుగో ఏట బాల్డ్విన్ తానే చర్చిలో బాలబోధకుడై, ఇక నాటకాలూ సినిమాలూ కూడవని ఆమెకు చెప్పేశాడు. నీ మీద ఉన్న గౌరవం తగ్గిందని ఆమె మొహం మీదే అంది. చాలా ఏళ్లకు మళ్లీ ఉత్తరాలు నడిచాయి.

తర్వాత ఫ్రెడరిక్ డగ్లస్ జూనియర్ హైస్కూలు. అక్కడ ఫ్రెంచ్ చెప్పే మాస్టారు కౌంటీ కలెన్. హార్లెం సాంస్కృతిక పునరుజ్జీవనంలో లాంగ్‌స్టన్ హ్యూస్‌తో సమానంగా వినబడిన కవి, 1925లో తొలి సంపుటంతోనే దేశమంతా పేరు తెచ్చుకున్నవాడు. ఆర్థిక మాంద్యం రోజుల్లో బతుకుతెరువుకు 1934 నుంచి బడిలో పాఠాలు చెప్పుకున్నాడు. పాఠాలయ్యాక పిల్లల సాహిత్య సంఘం నడిపేవాడు. ఇంకో మాస్టారు హెర్మన్ పోర్టర్, హార్వర్డ్‌లో చదువుకున్న లెక్కల మనిషి, బడి పత్రిక ‘డగ్లస్ పైలట్’ చూసుకునేవాడు. బాల్డ్విన్‌ను నలభై రెండో వీధిలోని పెద్ద గ్రంథాలయానికి తీసుకెళ్లి, సమాచారం ఎలా వెతకాలో చూపించాడు. 1937లో ఆ పత్రికలో వచ్చిన ‘హార్లెం అప్పుడు, ఇప్పుడు’ అనే వ్యాసం ఆ పదమూడేళ్ల పిల్లాడిదే. పేరున్న కవి ఒకరూ, హార్వర్డ్ పట్టభద్రుడు ఒకరూ పేదపిల్లల బడిలో ఉండటం ఆశ్చర్యమేమీ కాదు. నల్లవాళ్లకు చాలా విశ్వవిద్యాలయాల్లో ఉద్యోగాల తలుపులు మూసి ఉన్న కాలంలో అంత చదువుకున్నవాళ్లు చేరగలిగిన చోటు అదే. ఆ అన్యాయంలోంచి హార్లెం బడిపిల్లలకు దక్కిన లాభమది.

హైస్కూలు చదువుకు డెవిట్ క్లింటన్‌కు దరఖాస్తు పెట్టుకోమన్నది కలెన్‌ మాస్టారే అంటారు జీవితచరిత్రకారులు. ఆయన చదివిందీ అక్కడే. అప్పట్లో మాన్‌హటన్‌లో ఉన్న ఆ బడి 1929లో బ్రాంక్స్‌కు, మొషోలు పార్క్‌వే పక్కకు మారింది. మగపిల్లల బడి, ఎక్కువమంది యూదుల పిల్లలు. 1938లో బాల్డ్విన్ హార్లెం నుంచి సబ్‌వే ఎక్కి బ్రాంక్స్‌కు పోవడం మొదలుపెట్టాడు. సినిమాలో జమాల్ చదువు కోసం బ్రాంక్స్ దాటిపోతాడు. అసలు చరిత్రలో కుర్రాడు చదువు కోసం బ్రాంక్స్‌కే వచ్చాడు.

క్లింటన్‌లో ‘మాగ్‌పై’ అనే సాహిత్య పత్రిక ఉండేది. ఒకప్పుడు కలెన్ విద్యార్థిగా పనిచేసిన పత్రికే. దాని గదిలో బాల్డ్విన్ పక్కన కూర్చుని ప్రూఫులు చూసిన కుర్రాడు రిచర్డ్ ఆవెడన్, తర్వాత లోకప్రసిద్ధుడైన ఫొటోగ్రాఫర్. 1964లో వాళ్లిద్దరూ కలిసి ఒక పుస్తకం తెచ్చారు. ఆ గదిలోనే పరిచయమైన సాల్ స్టెయిన్, 1955లో బాల్డ్విన్ తొలి వ్యాసాల పుస్తకానికి సంపాదకుడయ్యాడు. చివరి సంవత్సరంలో బాల్డ్విన్ ‘మాగ్‌పై’ కోసం తన పాత మాస్టారు కలెన్‌ను ఇంటర్వ్యూ చేశాడు. ఎవరూ తలుపు మూయలేదు, ఎవరూ కంచె కట్టలేదు. విద్యార్థి అడిగాడు, మాస్టారు చెప్పాడు, బడి పత్రిక వేసింది.

బడి ఇవ్వలేనిదాన్ని ఇచ్చినవాడు బ్యూఫర్డ్ డెలానీ. క్లింటన్ స్నేహితుడు ఎమిల్ కపూయా చిరునామా ఇచ్చి పంపాడు: గ్రీన్ వీధి, 181. అప్పటికి బాల్డ్విన్‌కు పదిహేను, పదహారేళ్లు. తలుపు తీసింది టెనెసీ నుంచి వచ్చిన నలభై ఏళ్ల నల్లజాతి చిత్రకారుడు. చేతిలో పైసా లేనివాడు. గది నిండా కాన్వాసులు, మూల పొయ్యి, గ్రామఫోను. బెస్సీ స్మిత్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డులు మోగుతున్నాయి. ఇంట్లో పాపమని చెవులు మూయించిన సంగీతం అది. నల్లవాడు కళాకారుడిగా బతకవచ్చునని బాల్డ్విన్‌కు కళ్లారా కనబడిన మొదటి రుజువు ఆ మనిషే.

ఆయన చెప్పిన పాఠం ఒకటి బాల్డ్విన్ జీవితాంతం చెప్పుకున్నాడు. ఇద్దరూ ఒక వీధి మూల సిగ్నల్ కోసం ఆగి ఉన్నారు. డెలానీ కాళ్ల దగ్గర మురుగునీటి మడుగు చూపించి చూడమన్నాడు. చూశాడు, నీళ్లు తప్ప ఏమీ కనబడలేదు. మళ్లీ చూడమన్నాడు. ఈసారి నీటి మీద తేలుతున్న నూనె పొరా, అందులో వంకర్లు తిరుగుతున్న భవనాలూ కనబడ్డాయి. రాయడం గురించి ఒక్క మాటా లేదు. బాల్డ్విన్ వాక్యం తెలిసినవాళ్లకు మాత్రం అది ఎక్కణ్ణుంచి మొదలైందో ఇక్కడ దొరుకుతుంది.

డెలానీ కడుపు సంగతీ చూశాడు. మెక్‌డూగల్ వీధిలో ట్రినిడాడ్ నుంచి వచ్చిన కాన్నీ విలియమ్స్ నడిపే కాలిప్సో హోటల్లో బాల్డ్విన్‌కు సర్వర్ ఉద్యోగం కుదిరింది ఆయన పరిచయంతోనే. తర్వాత పాత్రలు తారుమారయ్యాయి. 1953లో డెలానీ పారిస్ చేరాడు. మతి చలించి, తాగుడు ముదిరి బాధపడిన రోజుల్లో పెద్దాయన్ను కనిపెట్టుకుని ఉన్నవాళ్లలో బాల్డ్విన్ ఒకడు. 1965లో తన కథల సంపుటాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. డెలానీ 1979లో పారిస్‌లో ఆస్పత్రిలో పోయాడు.

రిచర్డ్ రైట్ కథ వేరు. ఆ కాలంలో అమెరికాలో అందరికంటే పేరున్న నల్లజాతి నవలాకారుడు ఆయన. ఇరవై ఏళ్ల బాల్డ్విన్ 1944 చివర్లో బ్రూక్లిన్‌లో ఆయన ఇంటి గంట నొక్కాడు. నవల రాస్తున్నానన్నాడు. ఏదీ, ఉన్నంతవరకు పంపమన్నాడు రైట్. ఇంటికొచ్చి హడావిడిగా శుభ్రప్రతి చేసిన అరవై పేజీలు పంపితే, రైట్ కొద్దిరోజుల్లో చదివి, శాక్స్‌టన్ ట్రస్టుకు సిఫారసు చేసి 500 డాలర్ల సాయం ఇప్పించాడు. నవల మాత్రం ఏ ప్రచురణకర్తకూ నచ్చలేదు. గురువు మొహం ఎలా చూడాలో తెలియక శిష్యుడు తప్పించుకు తిరిగాడు.

1948 నవంబరులో జేబులో 40 డాలర్లతో బాల్డ్విన్ పారిస్‌లో దిగాడు. రైట్ అప్పటికే అక్కడ స్థిరపడ్డాడు. దిగిన రోజే ఒక కాఫీ హోటల్లో ఎదురుపడి, ‘జీరో’ అనే కొత్త పత్రిక సంపాదకులకు కుర్రాణ్ణి పరిచయం చేశాడు. ఆ పత్రిక తొలి సంచిక 1949 వసంతంలో వచ్చింది. అందులో బాల్డ్విన్ వ్యాసం, నిరసన నవలల మీద. దాని చివర బోనులో నిలబడింది రైట్ నవల ‘నేటివ్ సన్’. సంచిక వచ్చిన రోజే బ్రాసరీ లిప్ హోటల్లో ఇద్దరూ తారసపడ్డారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడని రైట్‌కు మంట. తాను దాడి చేశానని బాల్డ్విన్‌కు నిజంగానే తెలియదు, పైగా మెచ్చుకుంటాడనుకున్నాడు! మళ్లీ వాళ్లకు పూర్తిగా అతకలేదు. 1960లో రైట్ హఠాత్తుగా పోయాక బాల్డ్విన్ దీర్ఘంగా రాశాడు. ఆయన రచనను తాను ఎగరడానికి కాలు మోపిన బల్లగా వాడుకున్నానని ఒప్పుకున్నాడు. ఇద్దరిలో ఎవరి పక్షం వహించాలని పాఠకులు ఇప్పటికీ కొట్టుకుంటారు. వ్యాసం బాల్డ్విన్ చేసిన గొప్ప పనుల్లో ఒకటి, రైట్ బాధా న్యాయమైందే. సినిమాలో జమాల్ మాట తప్పినా ఫారెస్టర్ పట్ల భక్తి తప్పడు, పెద్దాయన పోతూ ఇంటి తాళంచెవీ, రెండో నవల రాతప్రతీ అతనికి వదిలిపోతాడు. అచ్చులో అంత సాఫీగా చేతులు మారిన వారసత్వాలు అరుదు.

రైట్ తలుపు బాల్డ్విన్‌కు ముందే మరొకరికి తెరుచుకుంది. 1936 జులైలో రాల్ఫ్ ఎలిసన్ అనే సంగీత విద్యార్థి హార్లెం వచ్చాడు. వచ్చీరాగానే వైఎంసీఏలో లాంగ్‌స్టన్ హ్యూస్ కనబడ్డాడు. మరుసటేడు హ్యూస్ చొరవతోనే రైట్‌తో పరిచయం కలిగింది. బూర వాయించే ఎలిసన్ చేత పట్టుబట్టి మొదటి పుస్తక సమీక్ష రాయించింది రైట్. తర్వాత ‘ఇన్‌విజిబుల్ మ్యాన్’ రాసిన ఎలిసన్ కూడా, చుట్టాలను మనం ఎంచుకోలేం గానీ పూర్వీకులను ఎంచుకోవచ్చు అంటూ రైట్‌ను చుట్టాల లెక్కలో వేసి, పూర్వీకుల పీట మీద హెమింగ్వేను, ఎలియట్‌ను కూర్చోబెట్టాడు. రైట్ ఇంట్లో ఉప్పు తిని ఎదురుతిరిగినవాళ్లు ఇద్దరైతే, ఇద్దరూ మహారచయితలే కావడం విచిత్రం.

హ్యూస్ చేతి చలవ అందరికంటే పెద్దది. ఆయనే ఒకప్పుడు వాషింగ్టన్‌లో ఒక హోటల్లో ఎంగిలి ప్లేట్లు తీస్తూ, భోజనానికొచ్చిన కవి వేచల్ లిండ్సే ప్లేటు పక్కన తన కవితలు పెట్టి వచ్చినవాడు. తర్వాత ధనవంతురాలు షార్లట్ ఆస్గుడ్ మేసన్ నెలకు 150 డాలర్లిచ్చి పోషిస్తే, ఏం రాయాలో కూడా ఆమే చెప్పబోతే, 1930లో తెగతెంపులై మంచాన పడ్డాడు. ఆ రెండు అనుభవాల వల్లనో ఏమో, ఆయన కుర్రాళ్లకు షరతులు పెట్టలేదు. అడిగినవాళ్ల రాత చదివాడు, నాలుగు మంచి మాటలు చెప్పాడు, ఎవరికి ఎవరు పనికొస్తారో కలిపాడు.

షికాగోలో పదహారేళ్ల గ్వెండలిన్ బ్రూక్స్‌ను తల్లి అలాగే ఒక చర్చికి, హ్యూస్ కవితలు చదువుతున్న సభకు తీసుకెళ్లింది. సభయ్యాక కాగితాలు చేతిలో పెడితే హ్యూస్ అక్కడే నిలబడి చదివి, నీలో ప్రతిభ ఉంది, రాయడం ఆపకు అన్నాడు. 1940లలో ఆమె తొలి సంపుటం హార్పర్ కంపెనీకి వెళితే, దాన్ని చదివి గట్టిగా సమర్థించిన పరిశీలకుడు రిచర్డ్ రైట్. 1950లో పులిట్జర్ అందుకున్న తొలి నల్లజాతి రచయిత బ్రూక్స్.

1967లో ఆమెకు యాభై ఏళ్లు. షికాగో దక్షిణ భాగంలో బ్లాక్‌స్టోన్ రేంజర్స్ అనే వీధి ముఠా కుర్రాళ్ల కోసం కవిత్వం తరగతి మొదలుపెట్టింది. ఛందస్సూ, సానెట్టూ చెప్పబోతే వాళ్లు వినలేదు. ఆమె పాఠం మానేసి వాళ్ల మాట వినడం మొదలుపెట్టింది. చుట్టుపక్కల కళాశాలల యువకులూ చేరారు, తరగతి ఆమె ఇంటి ముందుగదిలోకి మారింది. తన కవిత్వం ఆ కుర్రాళ్ల వల్ల మారిందని బ్రూక్స్ బాహాటంగా చెప్పింది, మారినట్టు పుస్తకాల్లోనూ కనబడుతుంది. 1968లో ఇల్లినాయ్ రాష్ట్రకవి అయ్యాక, బడిపిల్లల కవితల పోటీలు పెట్టి బహుమతి డబ్బు తన చేతినుంచే ఇచ్చేది.

ఆ ముందుగది కుర్రాళ్లలో ఒకడు డాన్ లీ, తర్వాత హాకీ మధుబుటిగా పేరు మార్చుకున్నాడు. 1967లో 400 డాలర్లతో, ఒక పాత మిమియోగ్రాఫ్ యంత్రంతో, షికాగోలో నేలమాళిగ గదిలో థర్డ్ వరల్డ్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థ పెట్టాడు. బ్రూక్స్ పెద్ద కంపెనీ హార్పర్‌ను వదిలేసి, తన పుస్తకాలు డెట్రాయిట్‌లో డడ్లీ రాండల్ నడిపే చిన్న నల్లజాతి ప్రచురణ సంస్థకూ, ఈ శిష్యుడికీ ఇవ్వడం మొదలుపెట్టింది. రాబడి తగ్గుతుందని తెలిసే ఇచ్చింది. 1996లో ఆమె ఆత్మకథ రెండో భాగం వచ్చినప్పుడు అట్ట మీద ఉన్నది మధుబుటి ప్రెస్సు పేరే.